లో కార్బ్‌లో కొబ్బరి: ఏది తినొచ్చో మీరే తేల్చుకునే పద్ధతి

అన్నం తగ్గించి లో కార్బ్ మొదలుపెట్టిన ఇంట్లో కొద్ది రోజులకే ఈ ప్రశ్న వస్తుంది: కొబ్బరి తినొచ్చా? "కీటోలో కొబ్బరే ప్రాణం" అని ఒకరంటారు. "షుగర్ ఉన్నవాళ్లు కొబ్బరి జోలికే పోకూడదు" అని ఇంకొకరంటారు. ఇద్దరూ వేరువేరు వస్తువుల గురించి మాట్లాడుతున్నారు, అంతే. గుడిలో ఇచ్చిన కొబ్బరి ముక్క, బండి దగ్గర కొట్టించుకున్న బోండాం, ఇడ్లీలోకి చట్నీ, పండక్కి చేసిన కొబ్బరి లౌజు, ఆన్‌లైన్‌లో తెప్పించిన కొబ్బరి పిండి... అన్నిటి పేరులోనూ కొబ్బరి ఉంది. కార్బ్స్ (కార్బోహైడ్రేట్లు: పిండి, చక్కెర, పీచు) లెక్కకొస్తే వీటికి ఒకదానితో ఒకటి పొంతనే లేదు.

అందుకే ఇవి తినండి, ఇవి మానండి అని జాబితా ఇవ్వడం లేదు. రేపు కొత్త వస్తువు ఏది ఎదురైనా మీరే తేల్చుకోగలిగే పద్ధతి చెబుతాను. వంటింట్లో చిన్న డిజిటల్ కాటా ఒకటి ఉంటే మంచిది. లేకపోతే కొనుక్కోండి. లో కార్బ్ కోసం పెట్టే ఖర్చుల్లో నిజంగా పనికొచ్చేది అదొక్కటే అని నా అభిప్రాయం.

మొదట మీ రోజు కోటా రాసుకోండి

లో కార్బ్ అంటే అందరికీ ఒకటే అంకె కాదు. రోజుకు 130 గ్రాముల లోపు కార్బ్స్ తింటే దాన్ని లో కార్బ్ అనడం మామూలు. కీటో అంటే 20 నుంచి 50 గ్రాముల లోపే. కొన్నేళ్ల కిందట మన రెండు రాష్ట్రాల్లో ఊరూరా వినిపించిన వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ లాంటివి ఈ రెండో కోవలోకి వస్తాయి. రోజుకు 100 గ్రాములు పెట్టుకున్న మనిషికి ఒక బోండాం పెద్ద విషయం కాదు. 20 గ్రాములు పెట్టుకున్న మనిషికి అదే బోండాం సగం కోటా తినేస్తుంది. పక్కింటావిడ తింటోందని మీరూ తినడం, ఆవిడ మానేసిందని మీరూ మానడం రెండూ అర్థం లేని పనులు.

మీ అంకెను కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి. నేను పాటించే మోటు లెక్క ఒకటుంది: ఒక పూట భోజనంలో పక్కన వేసుకునే పచ్చడి, పొడి, చిరుతిండి లాంటిది రోజు కోటాలో పదో వంతు దాటకూడదు. కోటా 30 అయితే 3 గ్రాములు, 100 అయితే 10 గ్రాములు. ఇది శాస్త్రం చెప్పిన సూత్రం కాదు, తొందరగా తేల్చుకోవడానికి పెట్టుకున్న హద్దు. ఇక మీదట చెప్పే అంకెలన్నీ ఈ హద్దుతో పోల్చి చూసుకోండి.

ఇది చెట్టులో ఏ భాగం నుంచి వచ్చింది?

అన్నిటికంటే ఎక్కువ పని చేసే ప్రశ్న ఇదే. కొబ్బరి చెట్టు నుంచి మనకు తినడానికి వచ్చేవి మూడు: కాయ లోపలి తెల్లటి కొబ్బరి, కాయలోని నీళ్లు, పూల గెలను కోస్తే కారే నీరా. తెల్లటి కొబ్బరి నుంచి వచ్చినదేదైనా ఎక్కువగా కొవ్వు, పీచు. నీళ్ల నుంచి, నీరా నుంచి వచ్చినదేదైనా ఎక్కువగా చక్కెర. ఈ ఒక్క విభజన గుర్తుంటే సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి.

పచ్చి కొబ్బరి 100 గ్రాములు తీసుకుంటే అందులో కార్బ్స్ సుమారు 15 గ్రాములు. భయపడకండి, ఆ 15లో 9 గ్రాములు పీచే. అది కూడా చాలావరకు నీళ్లలో కరగని రకం, రక్తంలోకి గ్లూకోజ్‌గా వెళ్లదు. తీసేస్తే మిగిలేవి 6 గ్రాములు. వీటినే నెట్ కార్బ్స్ అంటున్నాం. 100 గ్రాముల కొబ్బరి ఒక్కసారిగా ఎవరూ తినరు కూడా. కప్పు నిండా తురుము వేసినా 80 గ్రాములే తూగుతుంది, అందులో నెట్ కార్బ్స్ 5 గ్రాములు. గుడిలో పెట్టే ముక్క ఇరవై గ్రాములుంటే ఒక గ్రాము చుట్టూ, అంతే. కళ్లకద్దుకుని తినండి. అందులో పటికబెల్లమో, చక్కెరో, అటుకులో కలిపి ఉంటే మాత్రం అది వేరే లెక్క.

ఎండు కొబ్బరిలో నీళ్లు పోయాయి కాబట్టి అన్నీ చిక్కబడతాయి. 100 గ్రాములకు కార్బ్స్ 24, పీచు 16. మిగిలేది ఏడెనిమిది గ్రాములు. అంటే కార్బ్స్ పెరిగినట్టు కనిపించినా పీచు కూడా పెరగడం వల్ల నెట్ కార్బ్స్ దాదాపు అక్కడే ఉన్నాయి. పెరిగింది కొవ్వు: పచ్చి కొబ్బరిలో 33 గ్రాములైతే ఎండు కొబ్బరిలో 64 దాకా. తెలంగాణ ఇళ్లలో ఒడిబియ్యంలో వచ్చిన కుడుకలు (ఎండు కొబ్బరి చిప్పలు) డబ్బాలో పేరుకుపోయి ఉంటాయి కదా, అవి కార్బ్స్ పరంగా నిక్షేపంగా తినొచ్చు. హోలీకి పిల్లలకిచ్చే చక్కెర పేర్లు (చక్కెర బిళ్లల దండలు), కుడుకల్లో కుడుక మీరు తీసుకోండి, చక్కెర పేరు పిల్లలకే వదిలేయండి. కుడుక ఎంత తినాలన్నది కార్బ్స్ తేల్చదు, కేలరీలు తేలుస్తాయి. ఆ సంగతి కింద చెబుతాను.

ఇక నీళ్లు. 100 మిల్లీలీటర్లకు చక్కెర 3 నుంచి 5 గ్రాముల దాకా ఉంటుంది. చూడ్డానికి చిన్న అంకె. కానీ బోండాం నీళ్లు ఎవరూ 100 మిల్లీలీటర్లు తాగి ఆగరు. ఒక మాదిరి బోండాంలో 300 మిల్లీలీటర్లు ఉన్నాయనుకుంటే 9 నుంచి 15 గ్రాములు. దాన్ని ఆపడానికి పీచు కూడా లేదు, నేరుగా లోపలికి పోతుంది. బోండాం కోసే వయసులోనే నీళ్లలో తీపి ఎక్కువగా ఉంటుంది. పూజకు కొట్టే ముదురు కాయ నీళ్లలో చక్కెర మామూలుగా కాస్త తక్కువే. నాలుక మీద వేసుకున్నా ఆ తేడా తెలుస్తుంది. గోదావరి జిల్లాల గంగా బొండం లాగా బోండాలకు పేరున్న రకాలున్నాయి గానీ, రకం ఏదైనా లెక్క మాత్రం నీళ్ల కొలతతోనే. ఒకసారి ఇంటికి తెచ్చి కొలగిన్నెలో పోసి చూడండి. హైదరాబాద్‌లో బండి దగ్గర "మలాయ్ ఉన్నది ఇవ్వు" అని అడుగుతారే, కీటోలో ఉన్నవాళ్లకు అదే మంచి బేరం. నీళ్లు సగం ఇంకొకరికి ఇచ్చి, లేత కొబ్బరి మీరు తినేయొచ్చు.

నీరా, దాన్ని కాచి చేసే కొబ్బరి బెల్లం, కోకోనట్ షుగర్ అని అమ్మేది, ఈ మూడింటి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. నీరా అంటేనే చెట్టు పూల గెలకు పంపుతున్న తీపి రసం. కోకోనట్ షుగర్‌లో ముప్పాతిక భాగం చుట్టూ మామూలు పంచదారలో ఉండే సుక్రోజే. "గ్లైసెమిక్ ఇండెక్స్ తక్కువ", అంటే రక్తంలో చక్కెరను తక్కువ వేగంతో పెంచుతుంది అని ప్యాకెట్ మీద రాస్తే రాయనివ్వండి. కార్బ్స్ మాత్రం పంచదారతో దాదాపు సమానం. లో కార్బ్‌లో దీనికి చోటు లేదు.

మధ్యలో ఒక వింత వస్తువు ఉంది, కొబ్బరి పువ్వు. మొలకెత్తిన కాయలో స్పాంజిలా గుండ్రంగా ఉండేది, ఈమధ్య నగరాల్లో బండ్ల మీద బాగా అమ్ముతున్నారు. కొబ్బరి లోంచే వచ్చింది కాబట్టి కొవ్వే ఉంటుందనుకుంటారు. కానీ మొలకెత్తే కాయ తాను దాచుకున్న నూనెను మొలక కోసం చక్కెరగా మార్చుకుంటుంది. ఆ పువ్వు అంత తియ్యగా ఉండేది అందుకే. ఒక ముక్క రుచి చూడొచ్చు, పువ్వంతా తినడం కీటో వాళ్లకు కుదరదు.

ఏం తీసేశారు, ఏం కలిపారు?

భాగం తెలిశాక రెండో ప్రశ్న ఇది. ముందు తీసేసిన వాటి సంగతి.

కొబ్బరి పాలు పిండినప్పుడు పీచు పిప్పిలో ఉండిపోతుంది, కొవ్వు పాలలోకి వస్తుంది. ఇంట్లో తీసిన చిక్కటి పాలు 100 గ్రాములకు కార్బ్స్ ఐదున్నర, పీచు 2. డబ్బా పాలలో ఇంకా తక్కువ ఉండొచ్చు. నలుగురికి చేసే కోడికూరలో 200 మిల్లీలీటర్ల పాలు పోస్తే మనిషికి రెండు గ్రాముల లోపే పడుతుంది. నిజానికి అదే కూరలో వేసిన రెండు పెద్ద ఉల్లిపాయల్లో అంతకు రెట్టింపు కార్బ్స్ ఉంటాయి. కూర గురించి టెన్షన్ పడాలంటే ఉల్లిపాయ దగ్గర పడండి.

పాల పిప్పిని ఎండబెట్టి దంచితే వచ్చేదే కొబ్బరి పిండి. నూనె, పాలు పోయాయి కాబట్టి పీచు బాగా చిక్కబడి ఉంటుంది. 100 గ్రాములకు కార్బ్స్ 60 దగ్గర, పీచు 40 దగ్గర. కంపెనీని బట్టి అటూ ఇటూ అవుతుంది. మిగిలేది 20 గ్రాములు. గోధుమ పిండితో చూస్తే మూడో వంతు. పైగా ఇది నీళ్లను విపరీతంగా పీల్చుకుంటుంది. గోధుమ పిండి వేసే చోట ఇది పావు వంతు, మహా అయితే మూడో వంతు సరిపోతుంది. 30 గ్రాములతో చేసిన గుడ్డు అట్లు ఇద్దరికి సరిపోతాయి, మొత్తం మీద పిండి నుంచి వచ్చేవి 6 గ్రాములే. పుల్కాల్లా వత్తుదామని చూస్తే మాత్రం విరిగిపోతుంది, సాగే గుణం ఇందులో లేదు. ఇసబ్గోల్ పొట్టు, వేడి నీళ్లు కలిపితే కొంత పట్టు వస్తుంది. మొదటిసారి తినేటప్పుడు కొంచెమే తినండి. ఇంత పీచు ఒక్కసారిగా పడితే కడుపు ఉబ్బరిస్తుంది.

ఇప్పుడు కలిపిన వాటి సంగతి. అసలు మోసం ఇక్కడే. తెలుగు వంటల్లో కొబ్బరి ఒంటరిగా వచ్చేది తక్కువ. బెల్లంతోనో, బియ్యంతోనో, పప్పుతోనో జతకట్టి వస్తుంది. నింద మాత్రం కొబ్బరి మీద పడుతుంది.

హోటల్ చట్నీ తీసుకోండి. కొబ్బరి 40 గ్రాములు, పుట్నాల పప్పు 40 గ్రాములు వేసి రుబ్బారనుకుందాం. కొబ్బరి నుంచి నెట్ కార్బ్స్ రెండున్నర గ్రాములు కూడా రావు. పుట్నాల నుంచి 18 గ్రాముల దాకా వస్తాయి. నలుగురు పంచుకుంటే మనిషికి 5. అదే చట్నీని పుట్నాలు లేకుండా 80 గ్రాముల కొబ్బరి, పచ్చిమిర్చి, చింతపండు రెబ్బ, కాస్త అల్లంతో చేస్తే మనిషికి ఒకటిన్నర గ్రాము చుట్టూ తేలుతుంది. చిక్కదనం కావాలంటే గుప్పెడు వేయించిన పల్లీలు వేయండి, పుట్నాలంత నష్టం ఉండదు. హోటల్లో అయితే చట్నీలో కొబ్బరి ఎంత, పుట్నాలు ఎంత అన్నది వాళ్లకే తెలియాలి. కొబ్బరి ధర పెరిగిన రోజుల్లో అది ఏ వైపు మొగ్గుతుందో ఊహించడం కష్టం కాదు. ఇంకో సంగతి: చట్నీ గురించి ఇంత లెక్క వేసి, దాన్ని మూడు ఇడ్లీలతో తింటే లెక్కకు అర్థం లేదు.

కొబ్బరి లౌజు చూద్దాం. రెండు కప్పుల తురుముకు ఒక కప్పు బెల్లం మామూలు కొలత. తురుము నుంచి 10 గ్రాములు, 200 గ్రాముల బెల్లం నుంచి 170 గ్రాములు. మొత్తం 180. పదహారు ఉండలు చేస్తే ఉండకు 11 గ్రాములు. ఇందులో కొబ్బరి వాటా ఒక గ్రాము కూడా లేదు. బూరెలు, కజ్జికాయల్లో పైన బియ్యప్పిండి, మైదా కూడా చేరతాయి, అవి ఇంకా పైకి వెళ్తాయి. కొబ్బరి అన్నం అంటే అన్నమే. కప్పు అన్నానికి 45 గ్రాములు, దాని మీద చల్లిన కొబ్బరికి ఒక గ్రాము.

బెల్లం బదులు ఖర్జూరం వేసి "షుగర్ లేని లడ్డు" అని అమ్మేవి కూడా ఇదే బాపతు. ఖర్జూరంలో చక్కెర మూడింట రెండు వంతులు. కీటో పేరుతో వచ్చే స్వీట్లలో తీపి దేనితో తెచ్చారో చూడండి. ఎరిత్రిటాల్ అయితే రక్తంలో చక్కెరను దాదాపు కదపదు. మాల్టిటాల్ అయితే కదుపుతుంది, పంచదారకంటే తక్కువగా, అంతే. కొబ్బరి పాల పొడి ప్యాకెట్లలో మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పదార్థం తరచూ కలుస్తుంది. పేరు చూసి కంగారు పడక్కర్లేదు గానీ, అది పిండి నుంచి తీసినది, ఒంట్లో గ్లూకోజ్ లాగే పనిచేస్తుంది. పాల పొడి కన్నా డబ్బా పాలు, వాటికన్నా ఇంట్లో పిండినవి నయం.

మన వంటల్లో ఏమీ కలపకుండా కొబ్బరి నిలబడే చోట్లు కూడా ఉన్నాయి. బీన్స్, క్యాబేజీ, గోరుచిక్కుడు వేపుళ్ల మీద చివర్లో వేసే తురుము. ఎండు కొబ్బరి, వెల్లుల్లి, ఎండుమిర్చి, జీలకర్ర దంచిన కొబ్బరి కారం. మామిడికాయ కొబ్బరి పచ్చడి. కొబ్బరి, పెరుగు, పచ్చిమిర్చి తాలింపు. వీటిని ఏ లో కార్బ్ భోజనంలోనైనా ధైర్యంగా పెట్టుకోవచ్చు.

ప్యాకెట్ అయితే వెనక్కి తిప్పండి

ముందువైపు ఉన్న కొబ్బరి చెట్టు బొమ్మను పట్టించుకోకండి. వెనకవైపు రెండు చోట్ల చూడాలి.

మొదటిది పదార్థాల వరుస. ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది చివర రాయాలని నియమం. కొబ్బరి బిస్కెట్ ప్యాకెట్ తిప్పితే మైదా, పంచదార, నూనె అన్నీ అయ్యాక ఎక్కడో కొబ్బరి కనిపిస్తుంది. ఎండు కొబ్బరి పొడి ప్యాకెట్ మీద ఒక్క కొబ్బరే ఉండాలి. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇక్కడ ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. అక్కడి సూపర్ మార్కెట్లలో కేకుల సామాను దగ్గర దొరికే కొబ్బరి తురుము చాలావరకు పంచదార పట్టించినది. సగం బరువు దాకా కార్బ్స్ ఉంటాయి. "అన్‌స్వీటెన్డ్" అని రాసి ఉన్నదే కొనండి, లేదా ఇండియన్ స్టోర్‌లో ఫ్రీజర్‌లో దొరికే పచ్చి తురుము తీసుకోండి.

రెండోది పోషకాల పట్టిక. ఇక్కడ చాలామందికి తెలియని తిరకాసు ఒకటుంది. అమెరికా లేబుల్‌లో కార్బోహైడ్రేట్ అంటే పీచుతో కలిపిన అంకె, కాబట్టి పీచును తీసేయాలి. బ్రిటన్, యూరప్, ఆస్ట్రేలియా లేబుళ్లలో కార్బోహైడ్రేట్ అంకెలో పీచు ముందే ఉండదు. మీరు మళ్లీ తీసేస్తే లేని లాభం ఉన్నట్టు కనిపిస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ఇచ్చిన ఆహార పట్టికల్లో కూడా కార్బోహైడ్రేట్, పీచు విడివిడిగానే ఉంటాయి, అక్కడా తీసేయకూడదు. మన దేశంలో ప్యాకెట్ల మీద మొత్తం చక్కెర, విడిగా కలిపిన చక్కెర తప్పనిసరిగా రాయాలి గానీ పీచు తప్పనిసరి కాదు. రాసిన వాళ్లలో కొందరు కలిపి రాస్తారు, కొందరు విడిగా రాస్తారు.

ఎలా రాశారో తెలుసుకోవడానికి చిన్న కూడిక చాలు. ఎండు వస్తువులకు బాగా పనిచేస్తుంది:

1. 100 గ్రాముల వరుసలో ప్రోటీన్, కొవ్వు, కార్బోహైడ్రేట్, పీచు నాలుగూ కూడండి.
2. మొత్తం 100 దాటితే పీచు కార్బోహైడ్రేట్ లోపలే ఉన్నట్టు. తీసేయండి.
3. 100 లోపే ఉంటే పీచు బయట ఉండే అవకాశం ఎక్కువ. తీసేయకుండా ఉన్న అంకెనే వాడండి.

కొబ్బరి పిండి ప్యాకెట్ మీద ప్రోటీన్ 20, కొవ్వు 12, కార్బ్స్ 60, పీచు 40 ఉన్నాయనుకోండి. కూడితే 132. నూరు గ్రాముల పిండిలో 132 గ్రాముల సరుకు ఎలా పడుతుంది? పీచు లోపలే ఉంది కాబట్టి. పచ్చి కొబ్బరి, పాలు లాంటి తడి వస్తువుల్లో నీళ్ల బరువు ఎంతో లేబుల్ మీద ఉండదు, అక్కడ ఈ ఉపాయం పనిచేయదు. పీచు అసలు రాయకపోతే ఊహించి తీసేయకండి, రాసిన కార్బ్స్ మొత్తం మీ ఖాతాలో వేసుకోండి.

బోండాం నీళ్ల ప్యాకెట్ల మీద కలిపిన చక్కెర సున్నా అని ఉన్నా మొత్తం చక్కెర సున్నా కాదు. చూడాల్సింది మొత్తం చక్కెర. ఆ అంకె 100 మిల్లీలీటర్లకా, ప్యాకెట్ మొత్తానికా అన్నది కూడా చూడండి.

కార్బ్స్ లేవని హద్దు లేకుండా తినకండి

కొబ్బరి నూనెలో కార్బ్స్ సున్నా. లో కార్బ్ పరీక్షలో నూటికి నూరు మార్కులు. అక్కడితో ప్రశ్న అయిపోలేదు. ఒక పెద్ద చెంచాకు 120 కేలరీలు. కాఫీలో రెండు చెంచాలు కలిపి తాగితే 240 కేలరీలు, కడుపు నిండినట్టు కూడా ఉండదు. 60 గ్రాముల కుడుక చిప్ప సినిమా చూస్తూ కొరికేస్తే నెట్ కార్బ్స్ నాలుగైదు గ్రాములే, కేలరీలు మాత్రం 400 చుట్టూ. కార్బ్స్ కట్టుదిట్టంగా ఉన్నా బరువు దిగడం లేదని అడిగేవాళ్లకు నేను ముందు చూడమని చెప్పేది ఇదే: నూనె, ఎండు కొబ్బరి, గింజలు.

గుండె సంగతి కూడా చెప్పాలి. కొబ్బరి నూనెలో 80 శాతానికి పైగా సంతృప్త కొవ్వు. 2020లో సర్క్యులేషన్ అనే వైద్య పత్రికలో 16 పరిశోధనలను కలిపి చూసిన విశ్లేషణ వచ్చింది. పామాయిల్ లాంటివి కాని ఇతర వంట నూనెలతో పోలిస్తే కొబ్బరి నూనె చెడు కొలెస్ట్రాల్ అయిన ఎల్‌డీఎల్‌ను సుమారు 10 పాయింట్లు, మంచిదైన హెచ్‌డీఎల్‌ను 4 పాయింట్లు పెంచింది. కొబ్బరి నూనె అంటే ఎంసీటీ (మధ్యస్థ పొడవున్న కొవ్వుల) నూనె, నేరుగా శక్తిగా మారిపోతుంది అనే ప్రచారం కూడా సగమే నిజం. అందులో దాదాపు సగం ఉండే లారిక్ ఆమ్లం ఒంట్లో చాలావరకు మామూలు పొడవాటి కొవ్వుల్లాగే నడుచుకుంటుంది. మీకు ఎల్‌డీఎల్ ఎక్కువగా ఉంటే వంటకు వేరుశనగ, నువ్వుల నూనెలే వాడుకుని, కొబ్బరిని తురుము రూపంలో తినండి. మొదలుపెట్టే ముందు, మూడు నెలల తర్వాత లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ రక్త పరీక్ష) చేయించుకుని పోల్చి చూడండి.

మనకు కొబ్బరి నూనె అంటే తలకు రాసుకునేది. వంటకు కొనేటప్పుడు అలమారలో ఉన్న సీసా తీసుకోకండి. పచ్చ చుక్క, ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబర్ ఉన్నదే తినే నూనె. హెయిర్ ఆయిల్ అని రాసినది, సువాసన కలిపినది వంటకు పనికిరాదు. చిన్న సీసాలు వంట నూనె కిందికా, తల నూనె కిందికా అని పన్నుల దగ్గర పెద్ద వివాదమే నడిచి 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి తేలింది. అక్కడా సీసా మీద ఏమని రాసి అమ్ముతున్నారన్నదానికే విలువ ఇచ్చారు.

మందులు వాడేవాళ్లు ముందు డాక్టరుతో మాట్లాడాలి

ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లిక్లాజైడ్ వాడుతూ కార్బ్స్ ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ పడిపోతుంది. డోసు మార్చాల్సి రావచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లు కీటో చేస్తే షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లాలు ప్రమాదకరంగా పెరిగే స్థితి రావచ్చు. వీళ్లు డాక్టరు చెప్పకుండా కీటోలోకి దిగకూడదు.

బోండాం నీళ్లలో 100 మిల్లీలీటర్లకు పొటాషియం 250 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, బీపీకి రామిప్రిల్, టెల్మిసార్టన్, స్పైరనోలాక్టోన్ లాంటివి వాడేవాళ్లకు పొటాషియం పెరిగిపోయే ముప్పు ఉంది. వీళ్లకు కార్బ్స్ లెక్క రెండో సంగతి.

చివరి పరీక్ష మీ వేలి మీద

ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే కాగితం మీది లెక్కను ఒంటి మీద సరిచూసుకోవచ్చు. ఒక వస్తువును విడిగా, మిగతా తిండితో కలపకుండా తినండి. తినేముందు ఒకసారి, గంటకు ఒకసారి, రెండు గంటలకు ఒకసారి చూడండి. ఎండు కొబ్బరి, లడ్డు లాంటి కొవ్వు ఎక్కువున్న వాటికి మూడో గంట కూడా చూడండి, కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. ఒక రోజు 50 గ్రాముల పచ్చి కొబ్బరి, ఇంకో రోజు అదే సమయానికి ఒక గ్లాసు బోండాం నీళ్లు పెట్టుకుంటే తేడా మీకే తెలుస్తుంది.

ఒక్క రోజు అంకె పట్టుకుని తీర్పు ఇవ్వకండి. మీటర్లకే 15 శాతం దాకా తేడా చూపే వీలుంది. ముందు రాత్రి నిద్ర సరిగ్గా లేకపోయినా అంకె మారుతుంది. రెండు వేర్వేరు రోజుల్లో దాదాపు ఒకేలా వస్తేనే ఆ వస్తువును, ఎన్ని గ్రాములు తిన్నారో పక్కన రాసి, ఫ్రిజ్ మీది కాగితంలో చేర్చండి. కొత్త కంపెనీ ప్యాకెట్ కొన్నప్పుడు పాత అంకెను కొట్టేసి మళ్లీ చూడండి.